ఇరవై అమైనో ఆమ్లాల తగువు

ఇద్దరూ నాకు బంధువులే కాబట్టి పేర్లు రాయను. మేనమామ జీడిమెట్ల, పాశమైలారం వైపు బల్క్ డ్రగ్ కంపెనీల్లో ప్రాసెస్ కెమిస్టుగా చేసి రిటైరైన మనిషి. మేనకోడలు ఫిజిక్సులో ఎమ్మెస్సీ, బయోఫిజిక్సులో పీహెచ్‌డీ చేసింది. విదేశంలో పోస్ట్‌డాక్ ముగించుకుని వచ్చి, సొంత ల్యాబ్ కోసం గ్రాంటు దరఖాస్తు రాసుకుంటోంది. కణం తన పొరలో ఉండాల్సిన ప్రొటీన్లను ఎలా తయారుచేసుకుంటుందన్నది ఆమె పరిశోధన. ముసాయిదా మామయ్య చేతిలో పెట్టి, "మామూలు మనిషికి అర్థమవుతుందో లేదో చూసిపెట్టు" అంది. ఆయన మామూలు మనిషిలా చదవలేదు, ఎర్ర పెన్ను పట్టుకుని ఆడిటర్‌లా చదివాడు. తర్వాత హైదరాబాద్‌లోని వాళ్లింట్లో జరిగిన వాదనలో పాఠకులకు పనికొచ్చేది ఇది.

మేనమామ: ముందు మూలానికే వస్తాను. ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ 2022కే ఇరవై కోట్ల ప్రొటీన్ల ఆకారాలు లెక్కగట్టి జనం ముందు పెట్టేసింది. 2024లో దానికి నోబెల్ కూడా వచ్చింది. ఇక నువ్వు ఐదేళ్లు కూర్చుని తేల్చేదేముంది?

మేనకోడలు: పూర్తయిన ప్రొటీన్ ఎలా ఉంటుందో అది చెబుతుంది. ఎలా పూర్తవుతుందని నేనడుగుతున్నాను. రెండూ వేరు మామయ్యా.

మేనమామ: వేరే కావచ్చు. రెండోది అవసరమా అంటాను. ఆకారం తెలిస్తే దానికి సరిపడే మందు చూసుకోవచ్చు. తయారీ కథ ఎవరిక్కావాలి?

మేనకోడలు: ఈ మాట నువ్వంటున్నావా! రిటోనవిర్ కథ నాకు చెప్పిందెవరు? ఎయిడ్స్ మందు. 1998లో ఉన్నట్టుండి క్యాప్సూళ్లలో కొత్త రకం స్ఫటికం బయటపడింది. అణువు అదే, ఫార్ములా అదే, కానీ ఆ స్ఫటికం సరిగ్గా కరగదు. క్యాప్సూళ్లు మార్కెట్లోంచి తీసేయాల్సి వచ్చింది. ఫార్ములా తెలిసినంత మాత్రాన సరుకు తెలిసినట్టు కాదు, ఏ దారిన తయారైందో తెలియాలి అని అన్నం తింటూ కూడా చెప్పేవాడివి.

మేనమామ: నా కర్రతో నన్నే కొడుతున్నావు. సరే. కానీ ప్రొటీన్‌కి ఆ బెడద లేదని అన్‌ఫిన్సెన్ ఎప్పుడో చూపించాడు. రైబోన్యూక్లియేజ్‌ను పూర్తిగా విప్పేసి, మళ్లీ మామూలు ద్రావణంలో వదిలితే తనంతట తానే ముడుచుకుని పని మొదలుపెట్టింది. 1972లో ఆయనకు నోబెల్ ఇచ్చింది అందుకే. అమైనో ఆమ్లాల వరసలోనే సమస్తం రాసి ఉంది. ఏ దారిన పోయినా చేరే ఊరు ఒక్కటే.

మేనకోడలు: రైబోన్యూక్లియేజ్ నీళ్లలో బతికే ప్రొటీన్. 124 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. నీళ్లు పడనివాటిని కడుపులో దాచుకుని, నీళ్లతో కలిసేవాటిని పైకి పెట్టుకుంటుంది. పొరలో ఉండే ప్రొటీన్‌కి ఒంటినిండా నూనె గుణమే. దాన్ని విప్పి నీళ్లలో వదిలితే ముడుచుకోదు, గడ్డకడుతుంది.

మేనమామ: గడ్డకడుతుందా? మన ఖొరానా 1981లోనే బ్యాక్టీరియోరొడాప్సిన్‌ను విప్పి, మళ్లీ నిలబెట్టాడే! నీ కాగితాలు చదివాక రాత్రి నేనూ కొంత చదివానులే.

ఇది గట్టి దెబ్బ. బయాలజీ పాఠాల్లో ఖొరానా పేరు జన్యుసంకేతం దగ్గరే ఆగిపోతుంది. ఆయన తర్వాతి జీవితంలో పెద్ద భాగం పొర ప్రొటీన్ల మీదే గడిచిందని చాలామంది బయాలజీ విద్యార్థులకే తెలియదు.

మేనకోడలు: ఖొరానా చేసింది నిజమే. కానీ ఆయన దాన్ని ఉత్త నీళ్లలో వదల్లేదు, డిటర్జెంటు, లిపిడ్లు కలిపి ఇచ్చాడు. అలా లొంగే పొర ప్రొటీన్లు తక్కువ. పైగా ఆయన చేతికొచ్చేసరికి గొలుసు పూర్తయి ఉంది. కణానికి ఆ వెసులుబాటు లేదు. రైబోజోమ్‌లోంచి గొలుసు కొస ముందు బయటికొస్తుంది, మన కణాల్లో సెకనుకు ఐదు అమైనో ఆమ్లాలు అనుకో. చుట్టూ నీళ్లే. నీళ్లు పడని ముక్క బయటపడ్డ క్షణం నుంచే దానికి గండం. గొలుసంతా తయారయ్యాక పొరలో దూర్చుదాం అని ఆగితే ఈలోపు పాడైపోతుంది. అందుకని ఒక పక్క తయారవుతూండగానే ఇంకో పక్క పొరలోకి ఎక్కించాలి.

మేనమామ: దానికి సిగ్నల్ సీక్వెన్స్ ఉందిగా. బ్లోబెల్.

మేనకోడలు: ఉంది. బ్లోబెల్, సబాటినీ 1971లో ఊహించారు. బ్లోబెల్, డాబర్‌స్టైన్ 1975లో ప్రయోగంతో చూపించారు. గొలుసు మొదట్లో ఉండే నూనె గుణపు ముక్క చిరునామాలా పనిచేస్తుంది. అది బయటపడగానే ఎస్సార్పీ అనే అణువుల ముఠా వచ్చి పట్టుకుని, రైబోజోమ్‌తో సహా ఎండోప్లాస్మిక్ రెటిక్యులం పొర దగ్గరికి తీసుకుపోతుంది. ఆ పొరలో సెక్61 అనే సన్నటి దారి ఉంటుంది. గొలుసు అందులోకి దిగుతుంది. బయటికి పంపాల్సిన ప్రొటీనైతే అవతలికి జారిపోతుంది. పొరలో ఉండాల్సిందైతే పక్కనున్న సందులోంచి పొరలోకి తప్పుకుంటుంది.

మేనమామ: ఏది పోవాలి, ఏది ఆగాలి అని తేల్చేదెవరు?

మేనకోడలు: అదీ ప్రశ్న! పొర మధ్యలోని నూనె భాగం మందం సుమారు 3 నానోమీటర్లు. హెలిక్స్‌గా చుట్టుకున్న గొలుసులో ఒక్కో అమైనో ఆమ్లం 0.15 నానోమీటర్ల ఎత్తు తీసుకుంటుంది. భాగించి చూడు.

మేనమామ: ఇరవై.

మేనకోడలు: ఇరవై. పొరను ఈ చివర నుంచి ఆ చివరకు దాటాలంటే దాదాపు ఇరవై అమైనో ఆమ్లాల ముక్క కావాలి, అందులో ఎక్కువ భాగం నీళ్లు పడనివి అయ్యుండాలి. ఆ ఇరవైలో ఎన్ని ఏ రకానివైతే ఆగుతుంది, ఎన్నైతే దాటిపోతుంది? ఇది ఊహించి చెప్పేది కాదు, కొలవాల్సింది. స్వీడన్‌లో గున్నార్ వాన్ హైనె బృందం 2005లో కొలిచింది.

మేనమామ: ఎలా కొలిచారు? "కొలిచారు" అనడం తేలిక.

ఆమె చెప్పిన వివరం నేను కాస్త విడమరిచి రాస్తున్నాను. అసలు బయోఫిజిక్స్ అంటే ఏమిటో నాకు తెలిసింది ఇక్కడే. పొరను దాటుతుందో లేదో చూడాల్సిన ముక్కను ఒక తెలిసిన ప్రొటీన్ మధ్యలో కుట్టారు. దానికి అటూ ఇటూ చెరో చోట చక్కెర గొలుసు అతుక్కునే గుర్తు పెట్టారు. చక్కెర అతికించే ఎంజైమ్ రెటిక్యులం లోపలి వైపే ఉంటుంది. ముక్క పొరలో ఆగిపోతే ఒక గుర్తే లోపలికి చేరుతుంది, ఒక చక్కెరే అంటుతుంది. ఆగకుండా జారిపోతే రెండు గుర్తులూ లోపలికి పోతాయి, రెండు చక్కెరలు అంటుతాయి. ఇదంతా బతికున్న కణంలో కాదు, ట్యూబులో. ప్రొటీన్ తయారీకి కుందేలు ఎర్ర రక్తకణాల సారం, పొర కోసం కుక్క పాంక్రియాస్ నుంచి తీసిన సన్నని బుడగలు, గుర్తుపట్టడానికి రేడియోధార్మిక గంధకం ఉన్న మిథియోనిన్. అన్నీ కలిపి, చివర్లో జెల్ మీద పరిగెత్తిస్తారు. చక్కెర అంటిన ప్రొటీన్ బరువు పెరిగి కొంచెం పైన ఆగుతుంది. జెల్ మీద రెండు నల్లగీతలు. కింది గీత ఒక చక్కెరది, పైది రెండు చక్కెరలది.

మేనమామ: కుక్క పాంక్రియాసా? అదే ఎందుకు?

మేనకోడలు: ఆర్‌ఎన్‌ఏను కొరికేసే ఎంజైమ్ దాంట్లో తక్కువ. వేరే జంతువులదైతే ప్రయోగం పూర్తయ్యేలోపే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోవచ్చు. బ్లోబెల్ నాటి నుంచి అదే వాడుక. ఇక ఆ రెండు గీతల చిక్కదనం చూసి నిష్పత్తి కట్టి, దానికి లాగరిథం వేసి, ఉష్ణోగ్రతతోనూ ఒక స్థిరాంకంతోనూ గుణిస్తే కిలోకేలరీల్లో శక్తి లెక్క చేతికొస్తుంది. ల్యూసిన్ ఉంటే ఎంత లాభం, ఆర్జినిన్ ఉంటే ఎంత నష్టం. ఇరవై రకాల అమైనో ఆమ్లాలకూ పట్టిక వేశారు.

మేనమామ: బాగుంది. మా హెచ్‌పీఎల్‌సీలో పీకులు చూసి ఈక్విలిబ్రియం లెక్కగట్టినట్టే. ఇక గొడవేముంది? పట్టిక వచ్చేసిందిగా.

మేనకోడలు: గొడవ అక్కడే మొదలైంది. ఆర్జినిన్ ధన విద్యుదావేశం ఉన్నది. నూనెలోకి ఆవేశాన్ని ఎక్కించడం ఎంత కష్టమో నీకు నేను చెప్పనక్కర్లేదు. కంప్యూటర్ సిమ్యులేషన్లు పొర నడిమధ్యకు ఒక ఆర్జినిన్‌ను తేవాలంటే మోల్‌కు 17 కిలోకేలరీల దాకా పడుతుందన్నాయి. కుక్క పాంక్రియాస్ గీతలేమో రెండున్నర చాలంటున్నాయి.

మేనమామ: అంత తేడా వస్తే రెండిట్లో ఒకటి తప్పు.

మేనకోడలు: తప్పో, లేక రెండూ వేర్వేరు వాటిని కొలిచాయో. సిమ్యులేషన్ ఆర్జినిన్‌ను నీళ్లలోంచి తెచ్చి పొరలో పెట్టింది. కణం నీళ్లలోంచి తేవడం లేదు, సెక్61 దారిలోంచి తెస్తోంది. ఒంటరిగా కాదు, ఒక హెలిక్స్‌లో భాగంగా తెస్తోంది. ఆ ఆర్జినిన్ పక్కకు జరిగి, పొర అంచుకు చెయ్యి చాపి, తనతో కొంత నీటిని లాక్కొస్తుంది. ఎంత భాగం దేని వల్ల అన్నది ఇప్పటికీ తగువే. ఇది ఉత్త కాలక్షేపం లెక్క కాదు, పొటాషియం ఛానళ్లు ఓల్టేజీని పసిగట్టేది ఆర్జినిన్లున్న హెలిక్స్‌తోనే. అవి పొరలో కూర్చోలేకపోతే మన నరాలు పనిచెయ్యవు. ఈ ప్రశ్న అడగాలంటే ఫిజిక్స్ రావాలి. అందుకే నేను ఇటొచ్చాను.

మేనమామ: ఫిజిక్సు వాళ్లు ఇటు రావడం మాట ఎత్తావు కాబట్టి అడుగుతున్నా. నీకు వెంకీ రామకృష్ణన్ కథ తలకెక్కింది. ఆయన 1976లో ఫిజిక్సులో పీహెచ్‌డీ పుచ్చుకుని, మళ్లీ మొదటి నుంచి బయాలజీ చదివి, 2009లో రైబోజోమ్ మీద నోబెల్ కొట్టాడు. అలా బయల్దేరి ఎక్కడా తేలనివాళ్ల జీవితచరిత్రలు ఎవరూ రాయరమ్మాయ్.

మేనకోడలు: ఒప్పుకుంటాను. అందుకే నేను ఆయన పేరెత్తలేదు, నువ్వెత్తావు. నోబెళ్లు వదిలెయ్. 1963లో మద్రాసులో రామచంద్రన్ బృందం ప్రొటీన్ గొలుసు ఏ కోణాల్లో వంగగలదో బొమ్మ గీసింది. ఇవాళ ప్రపంచంలో ఎవరు ప్రొటీన్ నిర్మాణం తేల్చినా ఆ బొమ్మతోనే సరిచూసుకుంటారు. 1971లో ఆయన బెంగళూరులో మాలిక్యులర్ బయోఫిజిక్స్ యూనిట్ పెట్టారు. మన సీసీఎంబీలో అమితాభ చటోపాధ్యాయ బృందం సెరటోనిన్ రిసెప్టర్ పనితనానికి పొరలోని కొలెస్టరాల్ ఎంత అవసరమో ఏళ్ల తరబడి కొలిచింది. ఈ దేశంలో ఈ పనికి దారి ఎప్పుడో పడింది. నేను అడవిలోకి పోవడం లేదు.

మేనమామ: సరే, దారి ఉంది. కానీ నువ్వు ఇందాక చెప్పిందంతా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కేసింది. చిరునామా, దారి, పక్క సందు. కొత్తగా తేల్చేదేంటి?

మేనకోడలు: పుస్తకంలో ఉన్నది కొన్ని ప్రొటీన్లకే నిజమని తేలుతోంది. నువ్వు రోజూ పొద్దున మెటొప్రొలాల్ వేసుకుంటున్నావు కదా?

మేనమామ: వేసుకోవడమేంటి, టన్నుల్లెక్కన తయారుచేయించాను.

మేనకోడలు: అది గుండె కణాల మీది బీటా-1 రిసెప్టర్‌ను పట్టుకుంటుంది. ఏడుసార్లు పొరను దాటే ప్రొటీన్, 477 అమైనో ఆమ్లాలు. దానికి మొదట్లో నువ్వన్న సిగ్నల్ సీక్వెన్స్ లేదు. తల భాగం కణం బయటికి ఉండాలి. అంటే మొదటి హెలిక్స్ పొరలోకి దిగేటప్పుడు తన ముందున్న కొసను అవతలికి తోసుకుంటూ దిగాలి. ఆ పని సెక్61 ఒక్కటే సరిగ్గా చెయ్యలేదు. ఈఎంసీ అనే ఇంకో పెద్ద యంత్రం కావాలి. అది లేకపోతే మొదటి హెలిక్స్ తలకిందులయ్యే ప్రమాదముంది. అక్కడ తప్పితే మిగతా ఆరింటి సంగతీ అంతే.

మేనమామ: ఇదెప్పుడు తేలింది?

మేనకోడలు: ఈఎంసీ అనేది ఒకటుందని 2009లో ఈస్ట్‌లో కనిపెట్టారు. అది ఏ పని చేస్తుందో తొమ్మిదేళ్లు ఎవరికీ స్పష్టంగా అంతుపట్టలేదు. 2018లో కేంబ్రిడ్జ్‌లో రామానుజన్ హెగ్డే బృందం తేల్చింది. ఇంకా ఉంది. 2022లో రెండు బృందాలు చూపించినదాన్ని బట్టి, పొరను చాలాసార్లు దాటే ప్రొటీన్లకు సెక్61 పక్క సందు వాడుకలో ఉన్నట్టే కనబడలేదు. అది మూసుకునే ఉంది. హెలిక్సులు దాని వెనక చేరిన వేరే ప్రొటీన్ల గుంపు మధ్యకు దిగుతున్నాయి. 2004లో రాపొపోర్ట్ బృందం ఆ దారి నిర్మాణం చూపించినప్పటి నుంచి మేమంతా బోర్డు మీద గీస్తూ వచ్చింది ఆ పక్క సందు బొమ్మే. ఆల్ఫాఫోల్డ్‌ను అడిగితే బీటా-1 రిసెప్టర్ ఏడు హెలిక్సులూ పొందికగా గీసి ఇస్తుంది. ఈఎంసీ లేని కణానికీ అదే బొమ్మ ఇస్తుంది. కణంలో మాత్రం ఆ ప్రొటీన్ సరిగ్గా కుదరదు!

మేనమామ: ఆగు. మెటొప్రొలాల్ మాట నువ్వే తెచ్చావు, నీకే చుట్టుకుంటుంది. జేమ్స్ బ్లాక్ ప్రొప్రనొలాల్‌ను కనిపెట్టింది 1960ల్లో. అప్పటికి రిసెప్టర్ అనేది నిజంగా ఒక వస్తువా, ఉత్త ఊహా అని కూడా వాదించుకునేవాళ్లు. దాని ఆకారం తెలీదు, తయారీ అసలే తెలీదు. అయినా కోట్ల గుండెలకు పనికొచ్చింది. హెపటైటిస్-బి టీకా తీసుకో. 1997లో మన శాంతా బయోటెక్నిక్స్ తెచ్చింది. వరప్రసాద్ రెడ్డి బయాలజిస్టు కూడా కాదు, ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. ఆ టీకాలో ఉండేది?

మేనకోడలు: వైరస్ పైపొరలోని ప్రొటీన్. పొర ప్రొటీనే. 226 అమైనో ఆమ్లాలు.

మేనమామ: ఈస్ట్ చేత చేయించారు. అది పొరలోకి ఎలా ఎక్కింది, ఏ సందులోంచి దిగింది అని ఎవరైనా ఆగి అడిగారా? ఈస్ట్ చేసిపెట్టింది, కణాలు పగలగొట్టి, శుద్ధి చేసి సీసాలో పోశారు. విదేశీ టీకా కొనలేని పిల్లలకు అందింది.

మేనకోడలు: అడగలేదు. అది నీ పాయింటే.

ఇంత త్వరగా ఒప్పుకుంటుందని ఆయన అనుకున్నట్టు లేదు. నేనూ అనుకోలేదు. కానీ ఒప్పుకోవడమే సరి. విజ్ఞానం ముందు, వస్తువు తర్వాత అనే వరస మనం సభల్లో చెప్పుకునేంత ఖచ్చితంగా చరిత్రలో కనబడదు.

మేనమామ: పాయింటు నాదే అన్నావు కాబట్టి నీ దరఖాస్తు మొదటి వాక్యం చదువుతాను, విను. "మార్కెట్లో ఉన్న మందుల్లో సగానికి పైగా పొర ప్రొటీన్ల మీదే పనిచేస్తాయి కాబట్టి ఈ పరిశోధన కొత్త ఔషధాలకు దారితీస్తుంది." ఆ "కాబట్టి" దగ్గర ఎర్ర పెన్నుతో గీత గీశాను. మందులు ఆ ప్రొటీన్ల మీద పనిచేస్తున్నాయన్నది నిజం. అవి ఎలా తయారవుతాయో తెలిస్తే కొత్త మందులొస్తాయని దాంట్లోంచి ఎలా వచ్చింది? నా బ్యాచ్ రికార్డులో ఎవరైనా ఇలాంటి "కాబట్టి" రాసుంటే ఆ రోజే వెనక్కి పంపేవాణ్ణి.

మేనకోడలు: అందరూ అలాగే రాస్తారు మామయ్యా.

మేనమామ: అందరూ రాస్తే నిజమవుతుందా?

మేనకోడలు: పూర్తిగా అబద్ధం కూడా కాదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ చూడు. ఊపిరితిత్తుల్లో జిగురు పేరుకుపోయే జబ్బు. సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ ఛానల్ లోపం. జన్యువును 1989లో పట్టుకున్నారు. 1480 అమైనో ఆమ్లాల్లో 508వది ఒక్కటి లేకపోవడమే ఎక్కువమంది రోగుల్లో కారణం. ఛానల్ పనిచెయ్యడం లేదేమో అనుకున్నారు. 1990లో చూస్తే అసలు ఛానల్ కణం అంచుకు చేరడమే లేదు, తయారీలోనే తేడా వచ్చి రెటిక్యులంలో ఇరుక్కుని, కణం చేతిలోనే ముక్కలైపోతోంది. 1992లో ఇంకో వింత. కణాలను 37 డిగ్రీల్లో కాకుండా 27 డిగ్రీల దగ్గర పెంచితే అదే లోపపు ఛానల్ అంచుకు చేరి, కొంత పని కూడా చేసింది. అంటే ఆ ప్రొటీన్ బాగుపడని రకం కాదు, మడత పడేటప్పుడు ఆసరా కావాల్సిన రకం. ఆ తర్వాతే ఆసరా ఇచ్చే అణువుల కోసం వెతుకులాట మొదలైంది. 2019లో మూడు మందుల మిశ్రమం వచ్చింది. తయారీ మీద పరిశోధన లేకుండా ఆ మందు లేదు.

మేనమామ: ఆ మందును ఎలా కనిపెట్టారు? లక్షకు పైగా రసాయనాలు వరసగా కణాల మీద పోసి, ఏది పనిచేస్తుందో చూశారు. అది మా పద్ధతి, నీది కాదు. ధరెంత? అమెరికాలో ఏడాదికి 3 లక్షల డాలర్ల పైచిలుకు.

మేనకోడలు: ధర నా చేతిలో లేదు. లక్ష రసాయనాలు పోశారు, నిజమే. కానీ దేనికోసం చూస్తూ పోశారు? ఛానల్ అంచుకు చేరుతోందా లేదా అని. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చింది? వెతకాల్సిన చోటు మావాళ్లు చూపించారు, వెతికింది మీవాళ్లు. ఇంతకు మించి నేను గొప్ప చెప్పుకోను.

మేనమామ: ఇది బాగుంది. దరఖాస్తులో ఇలా ఎందుకు రాయలేదు మరి?

మేనకోడలు: ఎందుకంటే, చదివేవాళ్లకు రెండో పేజీ దాకా ఓపిక ఉండదన్న భయం. నాకిది మొదటి గ్రాంటు. ఇది రాకపోతే ల్యాబ్ లేదు, విద్యార్థులు లేరు, మళ్లీ ఇంకొకరి ల్యాబ్‌లో ఏడాది ఏడాదికి పొడిగింపు. మన దేశం మొత్తం పరిశోధనకు పెట్టేది జీడీపీలో 0.64 శాతం. దాంట్లో నా వంతు అడగాలంటే "మందు" అనే మాట లేకుండా అడగమంటావా?

మేనమామ: జీతాల సంగతి నాకు తెలుసులే. జేఆర్‌ఎఫ్ 37 వేలు. 2023 జనవరి నుంచి పెరిగితే అంత. పీహెచ్‌డీ అయ్యాక రీసెర్చ్ అసోసియేట్‌కు మొదలు 58 వేలు. నా దగ్గర బీఎస్సీ చేసి షిఫ్టులో చేరిన కుర్రాళ్లు నాలుగేళ్లకు ఇల్లు కొన్నారు. నిన్ను చూస్తే జాలేస్తుంది, అది వేరే సంగతి. కానీ జాలి పడి అబద్ధానికి సంతకం పెట్టను. మొదటి పేజీలో మందు పెట్టావనుకో, ఐదేళ్లయ్యాక రివ్యూలో "మందేదమ్మా?" అని అడుగుతారు. నువ్వు బీటా-1 రిసెప్టర్ తలకిందులైందని చెబుతావు. అప్పుడు నీ తర్వాత వచ్చే పిల్లలకు కూడా డబ్బు ఆగిపోతుంది.

మేనకోడలు: మరి ఐదేళ్లకు ఏమిస్తానని రాయమంటావు? బ్లోబెల్ ఊహించింది 1971లో. దారి నిర్మాణం కనబడింది 2004లో. ఈఎంసీ పని తెలిసింది 2018లో. ఈ రంగం నడక అదీ.

మేనమామ: ఐదేళ్లలో నీ చేత్తో ఏం కొలుస్తావో అది రాయి.

మేనకోడలు: బలం కొలుస్తాను.

మేనమామ: ఎవరి బలం?

మేనకోడలు: హెలిక్స్ పొరలోకి దిగేటప్పుడు తన వెనకున్న గొలుసును లాగుతుంది. కొన్ని ప్రొటీన్లలో రైబోజోమ్‌ను మధ్యలో ఆపేసే చిన్న ముక్కలుంటాయి. మన కణాల్లోనే ఎక్స్‌బీపీ1 అనే ప్రొటీన్‌లో ఒకటుంది. ముందు నుంచి ఎవరైనా లాగితే ఆ ఆపుదల విడిపోయి తయారీ మళ్లీ సాగుతుంది, గొలుసు పూర్తి పొడవు వస్తుంది. ఎవరూ లాగకపోతే పొట్టిగా ఆగిపోతుంది. జెల్ మీద మళ్లీ రెండు గీతలే. 2012లో వాన్ హైనె బృందం బ్యాక్టీరియాలో ఇలాగే చేసి, హెలిక్స్ ఒక్కసారి కాదు, రెండు విడతలుగా లాగుతుందని చూపించింది. నేను బీటా-1 రిసెప్టర్ మొదటి హెలిక్స్‌కు ఆ ముక్కను వేర్వేరు దూరాల్లో తగిలించి, ఈఎంసీ ఉన్న పొరలో ఒకసారి, లేని పొరలో ఒకసారి చూస్తాను. ఈఎంసీ నిజంగా లాగుతోందా, లేక దారి ఇచ్చి ఊరుకుంటోందా? తేలుతుంది.

మేనమామ: తేలకపోతే?

మేనకోడలు: రెండు పొరల్లోనూ ఒకే బలం వస్తే ఈఎంసీ లాగడం లేదన్నది తేలినట్టే. అదీ ఫలితమే.

మేనమామ: ఇదీ దరఖాస్తంటే! కంట్రోల్ ఉంది, అవునంటే ఏంటి, కాదంటే ఏంటి అన్నది ఉంది. ఈ మాటలు ముసాయిదాలో ఎక్కడున్నాయి?

మేనకోడలు: పదకొండో పేజీలో.

మేనమామ: మొదటి పేజీలోకి తే. ఆ "కాబట్టి" వాక్యం కొట్టెయ్.

మేనకోడలు: మొత్తం కొట్టెయ్యను. సిస్టిక్ ఫైబ్రోసిస్ సంగతి ఉంచుతాను. జనం డబ్బు అడుగుతున్నప్పుడు జనానికి దీంతో సంబంధమేంటో చెప్పకపోవడం కూడా తప్పే.

మేనమామ: చెప్పు. జరిగిందే చెప్పు, జరగబోయేది చెప్పకు.

దరఖాస్తు వెళ్లిపోయింది. బీటా-1 రిసెప్టర్ మొదటి హెలిక్స్ మొదటి వాక్యంలోకి వచ్చింది. మందుల ప్రస్తావన చివరి పేజీలో రెండు వాక్యాలకు కుదిరింది, రెండూ భూతకాలంలో ఉన్నాయి. ఆ రెండూ కూడా ఎక్కువేనని మేనమామ ఇప్పటికీ అంటాడు. ఆ ఒక్క విషయంలో నేను మేనకోడలి పక్షం. సిస్టిక్ ఫైబ్రోసిస్ కథ జరిగిన కథ, దాన్ని చెప్పుకునే హక్కు ఆమెకుంది.